రాజ్యం గారి ఒప్పుకోలు

రాజోలు బస్టాండు ఎదురుసందులో మూడో కొట్టు రాజ్యానిది. బోర్డు మీద ఏదో దేవుడి పేరు ఉంది గానీ, ఆ పేరుతో అడిగితే పక్క కొట్టువాడు కూడా తెలియదంటాడు. రాజ్యం గారి డీటీపీ అంటేనే దారి చెబుతారు. శుభలేఖలు, దినకార్యం కార్డులు, పంచాయతీ నోటీసులు, రొయ్యల మేత ఏజెంట్ల కరపత్రాలు, అన్నీ ఆమె చేతి మీదుగా పోవలసిందే. పెళ్లికొడుకు ఇంటిపేరులో ఒక్క ఒత్తు పోయినా, తనే వెళ్లి పెళ్లిపందిట్లో నిలబడి క్షమాపణ చెప్పుకోవాలన్నంత పట్టింపు ఆ మనిషికి. నలభై ఆరేళ్లు వచ్చాయి, అక్షరం తప్పు కనబడితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పుట్టింది సఖినేటిపల్లిలో. తండ్రి రేవులో పంటు మీద టికెట్లు చించేవాడు. పెళ్లయి రాజోలు వచ్చింది. మొగుడు వీరవెంకటరమణ కువైట్‌లో క్రేను నడుపుతాడు, రెండేళ్లకోసారి వస్తాడు. ఇంట్లో అత్తగారు వీరాయమ్మ, కొట్లో కంప్యూటరు. ఈ రెండింటితోనే ఆమె రోజు గడుస్తుంది, రెండింటికీ ఎదురుచెప్పే అలవాటు ఆమెకు లేదు.

తొమ్మిదేళ్ల కిందట ఒక కరపత్రం టైపు చేస్తుంటే ‘పంటు’ అన్న మాట కింద కంప్యూటరు ఎర్రగీత గీసింది. ఆ గీత గీసేది ‘తేటమాట’ అనే ప్రోగ్రాము. తెలుగులో అక్షరదోషాలు పట్టుకుంటుంది. దానికి యజమాని లేడు, ధర లేదు. ఎక్కడెక్కడి వాళ్లో తీరిక వేళల్లో కూర్చుని ఊరికే తయారుచేసి పెట్టారు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచెయ్యవచ్చు. ఇవేమీ తెలియని రాజ్యం, కింద కనబడిన చిరునామాకి ఒక ఉత్తరం రాసింది. అయ్యా, పంటు తప్పు కాదండీ, నరసాపురం వెళ్లాలంటే మేమంతా దాని మీదే గోదావరి దాటుతామండీ అని. బెంగళూరు నుంచి మురళీమోహన్ అనే ఆయన జవాబిచ్చాడు. ఆ ప్రోగ్రాముని మొదలుపెట్టినవాడు ఆయనే. అయితే ఆ మాట మీరే చేర్చండి అని, ఎలా చేర్చాలో ఓపికగా నేర్పాడు.

ఇక చూసుకోండి. కొట్టుకి వచ్చినవాళ్ల నోట్లోంచి మాట రాలితే చాలు, రాజ్యం పాడైపోయిన శుభలేఖ వెనక రాసిపెట్టుకునేది. కొబ్బరి దింపులు, ఒలుపులు, కురిడీలు, చేపల చెరువు మాటలు, వంటింటి మాటలు, పెద్దవాళ్ల తిట్లు. సాయంత్రం కొట్టు కట్టేసే ముందు వాటిని తేటమాటలో చేర్చేది, కార్డు చించి బుట్టలో వేసేది. చేర్చిన మాటకి కార్డెందుకు అనుకుంది. ఈ మధ్య రెండేళ్లవి మాత్రం ఎందుకో ఒక అట్టపెట్టెలో ఉండిపోయాయి. అలా తొమ్మిదేళ్లలో పద్నాలుగు వేల రెండు వందల మాటలయ్యాయి. ఆ ప్రోగ్రాము మంచీచెడ్డా చూసే నలుగురిని సంరక్షకులంటారు. ఎవరు ఏం మార్చాలన్నా ముందు ప్రతిపాదన పెట్టి, ఏడు రోజులు ఆగి, ఆ నలుగురిలో ఒకరు సరేనన్నాకే మార్చాలి. నాలుగేళ్ల కిందట ఆ నలుగురిలో నాలుగో పేరుగా రాజ్యం పేరు చేరింది. మొగుడికి ఫోనులో చెబితే, “మంచిదే, ఒంట్లో ఎలా ఉంది?” అన్నాడు. చెప్పుకోవడానికి అంతకంటే ఎవరున్నారు గనక.

మిగతా ముగ్గురిలో ఒకరు మురళీమోహన్. రెండో ఆయన ప్రకాశరావు, విశాఖపట్నంలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన పెద్దాయన. మూడో ఆమె దివ్య, హైదరాబాదు, భాషాశాస్త్రం చదువుకున్న మనిషి, చురుకైంది. రెండేళ్లలో తేటమాటని దారిలో పెట్టింది కూడా ఆమే, కాదనకూడదు.

మొన్న శ్రావణంలో దివ్య ఒక ప్రతిపాదన పెట్టింది. వచ్చేరు, చెప్పేరు, వెళ్లేరు వంటివి ప్రాంతీయ ఉచ్చారణలనీ, వ్రాతలో అవి తప్పులనీ, జాబితాలోంచి తీసేద్దామనీ. ఏడు రోజులు ఆగింది, ఎవరూ అభ్యంతరం పెట్టలేదు, తీసేసింది. పద్ధతి ప్రకారమే చేసింది. ఆ ఏడు రోజులూ రాజ్యం పెళ్లి ముహూర్తాల పనిలో తల ఎత్తలేదు. ఎనిమిదో రోజు ఒక పెళ్లి పిలుపు టైపు చేస్తుంటే, “మా ఇంటికి వచ్చేరు గదా, మీ ఇంటికే వచ్చేరనుకోండి” అని వాళ్లు రాయించుకున్న వాక్యం కింద రెండు చోట్ల ఎర్రగీతలు పడ్డాయి.

రాజ్యానికి చెంప మీద కొట్టినట్టయింది. తన నోటి మాట తను తొమ్మిదేళ్లు చాకిరీ చేసిన చోటే తప్పయి కూర్చుంది. ఆ కోపంలో ఒక పొరపాటు, కాదు, రెండు పొరపాట్లు చేసింది. మొదటిది, ప్రతిపాదన లేకుండా, ఏడు రోజులు ఆగకుండా, తన హక్కు వాడి తీసేసిన మాటలన్నీ మళ్లీ పెట్టేసింది. రెండోది, దాని కింద ఇలా రాసింది: “దివ్య గారు పెద్ద చదువులు చదివినవారు. మేమేమో వచ్చేరు వెళ్లేరు అనుకుంటూ తప్పుల్లోనే పుట్టి తప్పుల్లోనే పెరిగేమండీ. తమరు దయతలిచి మమ్మల్ని కూడా మనుషుల జాబితాలో ఉంచితే బతికిపోతాం.”

రాజోల్లో ఈ మాట ఎవరినైనా అంటే, అన్నవాళ్లూ పడ్డవాళ్లూ కలిసి నవ్వుకుని టీ తాగుతారు. అటువైపు కూడా ఇలాంటిదే ఒకటి తిరిగి వస్తుందని రాజ్యం ఎదురుచూసింది కూడా. హైదరాబాదులో అది నవ్వులా వినబడలేదు. దివ్య ఫిర్యాదు పెట్టింది. నియమం తప్పారు, తోటి మనిషిని ఎగతాళి చేశారు అన్నవి రెండు. వాటితో పాటు మూడోది ఒకటి: ఒక్క మనిషి పద్నాలుగు వేల మాటలు ఎక్కడినుంచి తెచ్చింది, వీటిలో చాలా మాటలు ఫలానా అచ్చు నిఘంటువులో ఉన్నాయి, అందులోంచి ఎత్తి రాసినవేమో అని. అనుమానంగానే రాసింది, నేరమని రాయలేదు. అడగడంలో తప్పు లేదు. ఇలాంటి ఉచిత ప్రోగ్రాముల్లో వేరేవాళ్ల హక్కులున్న సరుకు ఒక్క పిసరు దొర్లినా ముప్పే. ఎత్తిరాసినట్టు తేలితే ఆ మనిషి చేర్చినదంతా ఊడ్చి పారెయ్యాలని వాళ్ల నియమం.

విచారణ ఒక మంగళవారం మధ్యాహ్నం, రికార్డింగు పెట్టి, వీడియో కాల్‌లో. ఫిర్యాదు పెట్టినామె, పడినామె పోగా మిగిలిన ఇద్దరే పెద్దలు. ప్రకాశరావు గారు మూడు అభియోగాలూ కాగితం చూసి, పంతులు గారు పాఠం చదివినట్టు నిదానంగా చదివారు. రాజ్యం చీర కొంగు సర్దుకుని, కుర్చీలో ముందుకు వంగి కూర్చుంది. ఆయన ఒక్కో వాక్యం ముగించినప్పుడల్లా “ఆయ్” అంది. మీరు నియమం పాటించలేదని ఫిర్యాదు. “ఆయ్.” మీరు రాసిన మాటలు అవమానకరంగా ఉన్నాయని ఫిర్యాదు. “ఆయ్.” మీరు చేర్చిన పదాలు వేరొక నిఘంటువు నుంచి ఎత్తిరాసినవని అనుమానం. “ఆయ్.”

కోనసీమలో పుట్టినవాళ్లకి ఇందులో చెప్పాల్సిందేమీ లేదు. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే నోరు మూసుకుని కూర్చుంటే పొగరంటారు. మధ్యలో అడ్డు తగిలితే ఇంకా పొగరంటారు. అందుకని ఆయ్ అంటూ ఉండాలి. చిత్తం, వింటున్నాను, తమరు కానివ్వండి అని దానర్థం. అవును అనే అర్థం కూడా ఉంది, లేకపోలేదు. ఏది ఎక్కడో గొంతు చెబుతుంది. ఊళ్లో తగువుల్లో ఒకవైపు వాళ్లు చెప్పుకున్నదంతా ముందు వింటారు, ఆ తరవాత రెండోవైపు వాళ్లని పిలిచి నీ మాటేమిటమ్మా అని అడుగుతారు. రాజ్యం ఆ పిలుపు కోసమే అట్టపెట్టెలోని కార్డులన్నీ బల్ల మీద దొంతర పెట్టుకుని కూర్చుంది. ప్రకాశరావు గారు చదవడం అయింది. మురళీమోహన్ ధన్యవాదాలు చెప్పాడు, మేమిద్దరం మాట్లాడుకుని తెలియజేస్తామన్నాడు. మళ్లీ పిలుస్తారు కాబోలనుకుని రాజ్యం నమస్కారం పెట్టింది.

గురువారం నాడు ఆ సమావేశం నోట్సు వచ్చింది. అందరికీ కనబడే చోట పెట్టారు. రాసింది ప్రకాశరావు గారు. మూడు అభియోగాలూ చదివి వినిపించగా రాజ్యం గారు మూడింటికీ అవునని ఒప్పుకున్నారు అని ఉంది. సంరక్షక హక్కు తీసివేత. ఎత్తిరాసినట్టు స్వయంగా ఒప్పుకున్నందున ఆమె చేర్చిన పదాలన్నీ వచ్చే నెల ఒకటో తారీకున తొలగింపు.

ఆమె ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదివింది. హక్కు పోయినందుకు బాధపడలేదు, నియమం తప్పింది నిజమే కదా. వెటకారానికి క్షమాపణ అడిగితే చెప్పేది. కానీ దొంగతనం చేశానని తన నోటితో తనే ఒప్పుకున్నట్టు లోకమంతా చదువుకునే చోట రాసి పెట్టారు. పద్నాలుగు వేల మాటల్లో ఏ మాట ఎవరి నోట విన్నదో, ఆ మనుషుల మొహాలు ఇప్పటికీ కళ్లముందు కనబడతాయి ఆమెకి.

ఇంటికి వెళ్లి అత్తగారికి చెప్పింది. వీరాయమ్మకి కంప్యూటరు సంగతులు తెలియవు గానీ తగువుల సంగతి తెలుసు.

“నువ్వు ఒప్పుకున్నావా, లేదా?” అంది.

“లేదండీ అత్తయ్యగారూ. ఆయ్ అన్నాను.”

“అంతేగా. మరి వాళ్లు తెలుగువాళ్లు కారా?” అంది ఆ ముసలమ్మ, వింతగా చూస్తూ.

రాజ్యం మురళీమోహన్‌కి రాసింది, ఈసారి వెటకారం ఒక్క ముక్క లేకుండా. ఆయ్ అంటే వింటున్నానని, అంతేనని. దివ్య మర్యాదగానే జవాబిచ్చింది: ఆయ్ అంటే అవునని సినిమాలు చూసే ప్రతివాళ్లకీ తెలుసు, రికార్డింగులో మూడుసార్లు స్పష్టంగా వినబడుతోంది అని. రాజ్యం కార్డులు ఫొటోలు తీసి పంపింది. అవి రెండేళ్లవే, మిగిలిన ఏడేళ్ల మాటేమిటని అడిగారు. చించి పారేశానని చెప్పింది. ఆ మాట ఎలా వినబడుతుందో రాసిన మరుక్షణమే ఆమెకే తెలిసింది.

మర్నాడు ప్రకాశరావు గారి నంబరు సంపాదించి ఫోను చేసింది. ఆయన కటువుగా ఉంటారేమో అని భయపడింది. ఉండలేదు. యోగక్షేమాలు అడిగారు. మీది రాజోలే కదా అన్నారు. అక్కడితో ఆగలేదు. గన్నవరం అక్విడక్టు వంతెన మీద రద్దీ ఎలా ఉంటోందని అడిగి, “మొన్న మా చెల్లెలి కొడుకులు వెళ్లొచ్చేరు, గంటసేపు ఇరుక్కుపోయేమన్నారు,” అన్నారు.

వెళ్లొచ్చేరు. పోయేమన్నారు. రాజ్యం చెవులు నిక్కబొడుచుకున్నాయి.

“మాస్టారూ, తమరిది ఏ ఊరండీ?”

రాజోలుకి దగ్గరే, పి.గన్నవరమే అన్నారు. ఇరవై రెండో ఏట వదిలేసి వచ్చారట, తిరిగి చూడలేదట.

“అయితే నేనన్నదేంటో తమరికి తెలిసే ఉంటుంది కదండీ.”

“తెలుసమ్మా,” అన్నారాయన. “మా నాన్న తిట్టినంతసేపూ మా అమ్మ ఆయ్ అంటూనే ఉండేది. ఒక్కదానికీ ఒప్పుకోలేదు.”

అంత మాటా అన్నాక రాజ్యానికి ప్రాణం లేచొచ్చింది. మరెందుకలా రాశారండీ అని నిలదీయలేదు. ఆయనే చెప్పుకొచ్చారు. నోట్సులో అవును, కాదు అని రెండే గడులున్నాయట. వేరుగా రాస్తే తన ప్రాంతం మనిషిని వెనకేసుకొచ్చాడంటారని సంకోచించారట. ఇంత దూరం పోతుందనుకోలేదట. సరిచేస్తానన్నారు. ఆమె పదేపదే దండాలు పెట్టి ఫోను పెట్టేసింది. ఆ పూట కొట్లో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కూడా నవ్వుతూ మాట్లాడింది.

వారం గడిచింది. నోట్సు అలాగే ఉంది. రాజ్యం తనే మళ్లీ మురళీమోహన్‌ని అడిగింది. మా ప్రాంతం వాళ్లని ఎవరినైనా కనుక్కోండి, పదిమంది చేత చెప్పిస్తానంది. మీవాళ్లు మీకు అనుకూలంగానే చెబుతారు కదా, తటస్థంగా ఉన్నవారు కావాలి అన్నాడాయన. తెలుగు మాస్టారు, పెద్దవారు, ఎవరి పక్షమూ లేని మనిషి ప్రకాశరావు గారున్నారు, ఆయన మాటే తీసుకుందాం అని అందరూ చూసే చోటే ప్రశ్న పెట్టాడు. గోదావరి ప్రాంతంలో ఆయ్ అన్నదానికి ఒప్పుకోవడం కాక వేరే అర్థం ఉందా, మాస్టారూ?

మూడో రోజు మధ్యాహ్నం ఒక శుభలేఖ ప్రూఫు దిద్దుతూ రాజ్యం తెర మీద చూసింది. “ఆయ్ అనగా అవును. ఇతర అర్థము నాకు తెలియదు.” కింద ప్రకాశరావు గారి పేరు.

గన్నవరంలో పుట్టి, తల్లి నోట ఆ మాట విని పెరిగి, మొన్ననే ఫోనులో తెలుసమ్మా అన్న మనిషి, ఇంత అచ్చమైన తెలుగులో తెలియదని రాశాడు. ఆమెకి కోపం వచ్చిందంటే చాలదు. ఈయన మా గన్నవరం మనిషి, నాతో ఫోనులో ఇలా అన్నారు అని టైపు చేసింది. పంపబోయే ముందు ప్రవర్తన నియమాలు ఒకసారి చూద్దామనిపించింది. అయిదో నియమం: సభ్యులు తామై చెప్పుకోని ఊరు, ఇల్లు, కుటుంబం వివరాలు ఇతరులు బయటపెట్టరాదు, విడిగా జరిగిన సంభాషణలు ప్రకటించరాదు. పెడితే శాశ్వత బహిష్కరణ. చెయ్యని తప్పుకి శిక్ష పడ్డ మనిషి ఇప్పుడు నిజంగా తప్పు చేస్తే గానీ నిజం చెప్పడానికి లేదు. చేసినా సాక్ష్యమేముంది? ఆయన లేదంటే లేదు. మురళీమోహన్‌కి విడిగా చెప్పవచ్చు, ఆయన మళ్లీ మాస్టారినే అడుగుతాడు. టైపు చేసిందంతా ఒక్కో అక్షరమే చెరిపేసింది.

ఇంకో దారి ఉందని ఒకరిద్దరు రాశారు. ఇలాంటి ప్రోగ్రాములో ఇష్టం లేకపోతే మొత్తం నకలు తీసుకుని వేరుకుంపటి పెట్టుకోవచ్చు, ఎవరూ ఆపలేరు, మేం వస్తాం పెట్టండి అని. రాజ్యం ఆలోచించింది. పాత నకలు తీసి తన పేరుతో పెడితే, దొంగసరుకు పట్టుకుని దొంగ వేరే కొట్టు తెరిచిందంటారు. ఆమెకి కావలసింది కొట్టు కాదు. నోట్సులో ఆ ఒక్క వాక్యం మారడం.

ఒకటో తారీకు శుక్రవారం. పదకొండు దాటాక తొలగింపు జరిగింది. దానికి అరనిమిషం కూడా పట్టలేదు. తొలగించిన వరుసల లెక్క ఒక మూల చూపించింది, పద్నాలుగు వేల రెండు వందల ఆరు. ఎదురుగా ఉప్పలగుప్తం నుంచి వచ్చిన ఆక్వా రైతు బాపిరాజు గారు కూతురి పెళ్లికార్డు పని మీద కూర్చుని ఉన్నారు. రాజ్యం ఆయన కార్డు తెరిచింది. తెర నిండా ఎర్రగీతలే, అవేంటమ్మా అని ఆయన కంగారుపడ్డారు. అచ్చులో రావండీ అని చెప్పింది. ఆయన వెళ్లాక షట్టరు సగం దించి లోపల కూర్చుని ఏడ్చింది. తొమ్మిదేళ్లలో ఆ కొట్లో ఆమె ఏడవడం అదే మొదలు.

ఆదివారం పొద్దున ప్రకాశరావు గారి ఫోను వచ్చింది. ఎత్తకూడదనుకుంది, ఎత్తింది. ఆయన గొంతు సన్నగా ఉంది. చెప్పుకుంటూ పోయారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నోరు తెరిస్తే ఆయ్ అనేవారట. పిల్లలు ‘ఆయ్ మాస్టారు’ అని పేరు పెట్టి, బోర్డు మీద రాసి, రెండేళ్లు ఏడిపించారట. తోటి మాస్టర్లు కూడా నవ్వారట. అద్దం ముందు నిలబడి ఆ మాట నోట్లోంచి పీకేసుకున్నారట. భార్య చెవిన కూడా ఆ యాస పడనివ్వలేదట. ఇప్పుడు ఈ వయసులో, అందరి ముందూ, నాకా మాట తెలుసని రాయడానికి చెయ్యి రాలేదట. రాస్తే మొదట తప్పు రాసింది కూడా తెలిసే రాశానని ఒప్పుకోవాలి కదమ్మా అన్నారు. మీరు నిజాయితీపరులని నాకు తెలుసు, మళ్లీ కొత్తగా చేరి కొన్ని కొన్ని మాటలు పెట్టుకుంటూ రండి, నేను దగ్గరుండి సరేననిపిస్తాను అన్నారు. పెద్దవాణ్ణి, మనసులో పెట్టుకోకండి అన్నారు.

ఒక్కో వాక్యం దగ్గరా ఆయన ఆగుతున్నారు. ఆ ఆగడం రాజ్యానికి తెలుసు, తన ఊళ్లో ఎవరు ఆగినా అందుకే ఆగుతారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అలాంటి ప్రతి ఖాళీలోనూ ఆమె ఒక మాట వేస్తూ వచ్చింది. ఇప్పుడు వెయ్యలేదు. ఆయన ఇంకో రెండు వాక్యాలు చెప్పి, ఆగి, ఇక ఉండబట్టలేక అడిగారు.

“వింటున్నారా, అమ్మా?”

“వింటున్నానండీ,” అంది రాజ్యం. “ఒప్పుకోవడం లేదు.”